మొక్క లోపలి లెక్క తెలిసిన జానకి అమ్మాళ్

* క్వీన్ మేరీస్‌లో చదువు.. మదురవాయల్‌లో తుదిశ్వాస
* వంకాయ, చెరకు నుంచి సైలెంట్ వ్యాలీ దాకా 50 ఏళ్లకు పైగా పరిశోధన
* టిష్యూ కల్చర్ ల్యాబులకు నేటికీ పనికొచ్చే పాఠం

చెన్నై: కోయంబేడు మార్కెట్ దాటి పూందమల్లి హైరోడ్డు మీద పడమటికి వెళ్తే మదురవాయల్ వస్తుంది. బైపాస్, వంతెనలు, లారీల రద్దీతో నిండిన ఈ ప్రాంతం 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. 1970ల్లో మాత్రం ఇది ఊరికి దూరంగా ఉండే శివారు. మద్రాసు విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర ఉన్నత అధ్యయన కేంద్రానికి ఇక్కడ ఒక క్షేత్ర ప్రయోగశాల ఉండేది. అందులో ఒక పెద్దావిడ మొక్కలు, పిల్లుల నడుమ ఒంటరిగా కాలం గడిపేవారు. ఎనభై దాటినా మైక్రోస్కోపు వదల్లేదు. 1984 ఫిబ్రవరి 7న, 86 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆమెకు అదే ఇల్లు, అదే ఆఫీసు.

ఆవిడే ఎడవలెత్ కక్కాట్ జానకి అమ్మాళ్. మొక్కల కణాల్లోని క్రోమోజోములను లెక్కగట్టి, ఏ పంటకు ఏది చుట్టమో తేల్చిన శాస్త్రవేత్త. లండన్‌లో, కోయంబత్తూరులో, జమ్మూలో పనిచేసినా ఆమె చదువు మొదలైందీ, ప్రయాణం ముగిసిందీ మన మద్రాసులోనే. అయినా ఈ నగరంలో ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువే.

ఉర్లగడ్డ కన్నుతో మొదలుపెడితే..

జానకి అమ్మాళ్ పని ఏమిటో తెలియాలంటే ముందు మన వంటింట్లోకి రావాలి. ఆంధ్రలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, చిత్తూరు నుంచి చెన్నై దాకా మనోళ్లకు ఉర్లగడ్డ. గంపలో నాలుగు రోజులు మరిచిపోతే దానికి మొలకలొస్తాయి. గడ్డ మీద గుంటలా కనిపించే ప్రతి కన్నూ ఒక మొగ్గే. ఆ కన్ను ఉన్న ముక్కను కోసి పాతిపెడితే చాలు, కొత్త మొక్క లేస్తుంది. రైతుకు ఇది ఎప్పటినుంచో తెలిసిన విద్యే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. తల్లి గడ్డకు వైరస్ తెగులు ఉంటే పిల్ల మొక్కకూ అది అంటుతుంది. ఏటేటా దిగుబడి తగ్గిపోతుంది. అందుకే విత్తన గడ్డ కోసం రైతు ఎక్కడో పంజాబ్ నుంచి వచ్చే లోడు వైపు చూడాల్సి వస్తోంది. దీనికి విరుగుడుగా వచ్చిందే టిష్యూ కల్చర్. చిగురు మొనలో, కంటికి కనిపించీ కనిపించనంత చిన్న ముక్కలో వైరస్ సాధారణంగా ఉండదు. దాన్ని జాగ్రత్తగా కోసి, చక్కెర, లవణాలు కలిపిన జెల్లీ లాంటి పదార్థంపై సీసాలో పెంచుతారు. 1950ల్లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు ముందు డాలియాలో, తర్వాత ఉర్లగడ్డలో ఈ పద్ధతిని చేసి చూపించారు.

సీసాలో ముక్క మొక్క కావాలంటే హార్మోన్లు కావాలి. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు పుడతాయి. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు వస్తాయి. రెండూ సరిసమానంగా ఉంటే ఏ రూపమూ లేని కణాల ముద్ద తయారవుతుంది. స్కూగ్, మిల్లర్ అనే ఇద్దరు 1957లో పొగాకుపై దీన్ని రుజువు చేశారు. 1962లో మురాషిగే, స్కూగ్ తయారుచేసిన పోషక మిశ్రమాన్నే నేటికీ చాలా ల్యాబులు వాడుతున్నాయి. అంతకు చాలా ముందే, 1913లో, హాబర్లాండ్ అనే శాస్త్రవేత్త ఉర్లగడ్డ ముక్కలపైనే ప్రయోగం చేశారు. కణాలను విభజించమని చెప్పే పదార్థమేదో మొక్క రసంలో ఉందని కనిపెట్టారు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. సీసాలోంచి లేచిన మొక్క తల్లి లాంటిదేనా? కణాల ముద్దలోంచి లేచిన ఉర్లగడ్డ మొక్కల్లో కొన్నింటికి క్రోమోజోముల సంఖ్య మారిపోతుంది. ఉండాల్సినవి 48. కొన్నింట్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఆకు తీరు మారుతుంది, గడ్డ తీరు మారుతుంది. అందుకే విత్తనం పెంచేవాళ్లు ముద్ద జోలికి పోకుండా చిగురు మొననో, కణుపునో వాడతారు. తేడా ఉందో లేదో తేల్చాలంటే మైక్రోస్కోపు కింద పెట్టి లెక్క చూడాలి. జానకి అమ్మాళ్ జీవితమంతా చేసిన పని ఆ లెక్కే. టిష్యూ కల్చర్‌ను ఆమె కనిపెట్టలేదు. కానీ ఆ ల్యాబులో నిలబడాలంటే ఏ విద్య తెలియాలో దాన్ని మన దేశంలో పాదుకొల్పిన తొలి తరం మనిషి ఆమె.

పెళ్లి కాదని పుస్తకం పట్టి

జానకి అమ్మాళ్ 1897 నవంబర్ 4న మలబారు తీరంలోని తలశ్శేరిలో పుట్టారు. ఆ ఊరూ మన నెల్లూరు, చిత్తూరూ అప్పట్లో ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తండ్రి దివాన్ బహదూర్ ఇ.కె.కృష్ణన్ సబ్ జడ్జి. పక్షులన్నా, తోటలన్నా ఆయనకు ప్రాణం. మలబారు పక్షులపై రాసేవారు కూడా. ఇల్లు నిండా పిల్లలు. ఆ సందడిలో తండ్రి వెంట తోటలో తిరుగుతూ మొక్కలపై ఇష్టం పెంచుకున్నారు.

అక్కచెల్లెళ్లకు ఒకరి తర్వాత ఒకరికి పెళ్లిళ్లు అవుతున్నాయి. తన వంతు వచ్చేసరికి ఆమె చదువును ఎంచుకున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్ల అక్షరం నేర్వడమే గొప్ప. పైగా వాళ్లది తీయ్య కులం. సమాజం వెనక్కి నెట్టిన కులమది. అలాంటి ఇంటినుంచి వచ్చిన అమ్మాయి మద్రాసు రైలెక్కి మెరీనా ఒడ్డున క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. 1914లో మొదలైన ఆ కాలేజీ అప్పటికింకా కొత్తది. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1921లో బోటనీలో ఆనర్స్ పట్టా అందుకున్నారు. నుంగంబాక్కంలోని విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో టీచరుగా చేరారు.

అక్కడే ఆగిపోయి ఉంటే మంచి లెక్చరర్‌గా మిగిలేవారేమో. అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయం ఆసియా దేశాల మహిళల కోసం బార్బర్ స్కాలర్‌షిప్ ఇస్తోందని తెలిసి దరఖాస్తు చేశారు. 1924లో ఓడెక్కారు. మాస్టర్స్ పూర్తిచేసి తిరిగొచ్చి మళ్లీ పాఠాలు చెప్పారు. మళ్లీ వెళ్లి 1931లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. వృక్షశాస్త్రంలో ఆ స్థాయికి చేరిన తొలి భారతీయ మహిళల్లో ఆమె ఒకరు.

విత్తనం పట్టని వంకాయ

డాక్టరేట్ కోసం ఆమె ఎంచుకున్న మొక్క పేరు నికాండ్రా. అది ఉర్లగడ్డ, వంకాయ, టమోటా, మిరప కుటుంబానికి చెందిందే. వంకాయ మీదా పనిచేశారు. ఆమె పేరుతోనే పిలిచే ఒక వంకాయ రకం మిచిగాన్‌లో తయారైంది.

దాని విశేషం అర్థం కావాలంటే చిన్న లెక్క చూడాలి. మామూలు వంకాయ కణంలో 24 క్రోమోజోములు ఉంటాయి. అవి 12 జతలు. పువ్వులో పుప్పొడి తయారయ్యేటప్పుడు ప్రతి జతా విడిపోయి సగం అటు, సగం ఇటు వెళ్తాయి. జానకి అమ్మాళ్ చేతిలోని వంకాయలో జతకు బదులు మూడేసి ఉన్నాయి. అంటే మొత్తం 36. మూడింటిని రెండుగా సమంగా పంచడం ఎవరి వల్లా కాదు కదా. పంపకం కుదరదు, అందుకే గింజ సరిగా పట్టదు.

మన చక్కెరకేళి, కర్పూరవల్లి అరటిపళ్లలో గింజ లేకపోవడానికి కారణమూ ఇదే. ఇలాంటి మొక్కను విత్తనంతో పెంచలేం. పిలకతోనో, కొమ్మతోనో, కణుపుతోనో పెంచాలి. ఇవాళ రైతులు టిష్యూ కల్చర్ అరటి మొక్కలు కొంటున్నారంటే వాటి వెనక ఉన్నదీ ఇదే అవసరం. గింజ లేని మొక్కను నిలబెట్టుకోవాలంటే దాని ఒంట్లోని ముక్కే ఆధారం.

కోయంబత్తూరులో చెరకు.. చేదు

అమెరికా నుంచి వచ్చాక తిరువనంతపురంలోని మహారాజా సైన్స్ కాలేజీలో రెండేళ్లు ప్రొఫెసర్‌గా చేశారు. 1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో జన్యుశాస్త్రవేత్తగా చేరారు. 1912లో మొదలైన ఈ కేంద్రం అప్పటికే దేశమంతటా పేరు తెచ్చుకుంది. జావా నుంచి పంచదార దిగుమతి చేసుకునే దేశంలో సొంత చెరకు రకాలు కావాలన్నది దాని లక్ష్యం. తీపి ఎక్కువున్న లావు చెరకును, ఏటి గట్టున పెరిగే రెల్లు గడ్డితో కలిపి అక్కడి శాస్త్రవేత్తలు కొత్త రకం సాధించారు. తీపి ఒకదాని నుంచి, మొండితనం ఇంకోదాని నుంచి వచ్చాయన్నమాట. సీవో 205 పేరుతో అది 1918లో ఉత్తరాది రైతులకు అందింది. సీవో అంటే కోయంబత్తూరుకు పొట్టి పేరు.

చెరకు కూడా ఉర్లగడ్డ లాగే ముక్క నుంచి పెరిగే పంట. కణుపు మీది మొగ్గే దానికి విత్తనం. అయితే దాని లోపలి లెక్క మహా గజిబిజి. తీపి చెరకులో 80 క్రోమోజోములు. రెల్లులో ప్రాంతాన్ని బట్టి 40 నుంచి 128 దాకా ఉంటాయి. ఏది దేనితో కలుస్తుంది, కలిస్తే పిల్లకు ఎన్ని వస్తాయి అన్నది తెలియకుండా సంకరం చేయడమంటే చీకట్లో రాయి విసిరినట్టే. జానకి అమ్మాళ్ ఆ చీకట్లో దీపం పెట్టారు. దేశంలో పలుచోట్ల పెరిగే రెల్లు రకాలను పోల్చి చూశారు. ఈ గడ్డి పుట్టిల్లు మన దేశమేనని చెప్పడానికి ఆ పని తోడ్పడింది. చెరకును జొన్నతో, మొక్కజొన్నతో, దర్భ జాతి గడ్డితో కూడా సంకరం చేసి చూశారు. వేర్వేరు జాతుల మధ్య అలాంటి కలయిక సాధ్యమేనని చూపడం అప్పట్లో పెద్ద సంగతే.

1934లో సి.వి.రామన్ భారత విజ్ఞాన అకాడమీ స్థాపించారు. మరుసటి ఏడాదే జానకి అమ్మాళ్‌ను ఫెలోగా ఎన్నుకున్నారు. బయట ఇంత గౌరవం దక్కినా పనిచేసే చోట మాత్రం ఊపిరాడలేదు. పెళ్లి కాని ఆడమనిషి, అందునా వెనకబడిన కులం. ఆ రెండూ ఆమెకు అడుగడుగునా అడ్డొచ్చాయి. తోటి మగవాళ్లు సమానంగా చూడలేదు. ఐదేళ్లకే ఆమె ఆ చోటు విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది.

బాంబుల మోతలో ఉద్గ్రంథం

1939 ఆగస్టులో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ జరిగింది. జానకి అమ్మాళ్ వెళ్లారు. సభ ముగిసిన రోజుల్లోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆమె అక్కడే ఉండిపోయారు. లండన్ శివారులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో 1940లో సహాయ కణశాస్త్రవేత్తగా చేరారు. అప్పట్లో ఈ రంగంలో పెద్ద పేరు సి.డి.డార్లింగ్టన్‌ది. ఆయనతో కలిసి పనిచేశారు.

రాత్రిళ్లు జర్మన్ బాంబులు పడేవి. శబ్దం వినగానే మంచం కిందికి దూరేవారని, తెల్లారాక బీరువాల మీద పడిన గాజుపెంకులు ఊడ్చి మళ్లీ పనిలో కూర్చునేవారని ఆమె బంధువులు చెప్పుకొంటారు. ఆ ఐదేళ్ల కష్టం 1945లో పుస్తకమై వచ్చింది. సాగులో ఉన్న మొక్కల క్రోమోజోముల సంఖ్యలన్నీ ఒకచోట చేర్చిన గ్రంథమది. రచయితలుగా డార్లింగ్టన్, జానకి అమ్మాళ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఎవరికి పనికొస్తుంది ఈ పట్టిక అనుకోవచ్చు. కొత్త రకం తయారుచేసేవాళ్లందరికీ అదే తొలి మెట్టు. ఉర్లగడ్డకు 48 ఉంటాయి, దాని అడవి చుట్టాల్లో చాలావాటికి 24 మాత్రమే. తెగులును తట్టుకునే గుణం ఎక్కువగా అడవి మొక్కల్లోనే ఉంటుంది. లెక్క కలవనివాటిని నేరుగా కలిపితే ఫలితం ఉండకపోవచ్చు. ముందు ఒకదాని లెక్కను రెట్టింపు చేయాలి, లేదా రెండోదాని లెక్కను సగం చేయాలి. ఆ రెట్టింపు చేసే మందే జానకి అమ్మాళ్ తర్వాతి మజిలీ.

చిగురు మొనపై చుక్క మందు

ఆ మందు పేరు కాల్చిసిన్. కీళ్లవాతానికి వాడే పాత మందే. విదేశాల్లో ఒక రకం కుంకుమపువ్వు లాంటి మొక్క నుంచి తీస్తారు. మనకు తెలిసిన అడవి నాభిలోనూ ఇది ఉంటుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం సెంగాందళ్ అంటే అదే. నిప్పు రవ్వల్లా ఎర్రగా, పచ్చగా పూసే ఈ తీగను ఇక్కడి రైతులు గింజల కోసమే సాగుచేస్తారు. దాని దుంప, గింజ రెండూ విషమే.

కణం రెండుగా చీలేముందు క్రోమోజోములు రెట్టింపవుతాయి. తర్వాత సన్నటి పోగులు వాటిని చెరో పక్కకు లాగుతాయి. కాల్చిసిన్ ఆ పోగులను ఏర్పడనివ్వదు. దాంతో రెట్టింపైనవన్నీ ఒకే కణంలో ఉండిపోతాయి. 1937లో ఈ సంగతి బయటపడింది. మోతాదు ఎక్కువైతే మొక్క చస్తుంది, తక్కువైతే ఏమీ జరగదు. చేయి తిరిగినవాళ్లకే సాధ్యమయ్యే పని.

1945లో విస్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో జానకి అమ్మాళ్ చేరారు. అక్కడ జీతం మీద చేరిన తొలి మహిళా శాస్త్రవేత్త ఆమేనని చెబుతారు. మాగ్నోలియా గింజలు మొలకెత్తి తొలి రెండాకులు పూర్తిగా విచ్చుకోగానే, చిగురు మొనపై కాల్చిసిన్ ద్రావణాన్ని వేసేవారు. బతికి పెరిగిన వాటిలో ఆకులు మందంగా వచ్చాయి. పూరేకులు బలంగా, ఎక్కువ రోజులు నిలిచేవిగా వచ్చాయి. విస్లీలోని బాటిల్‌స్టన్ హిల్‌పై ఆ మొక్కలను నాటారు. వాటిలో ఒక రకానికి ఆమె పేరే పెట్టారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. టిష్యూ కల్చర్ ల్యాబులో హార్మోన్ వేసేదీ చిగురు మొన నుంచి తీసిన ముక్కకే. జానకి అమ్మాళ్ మందు వేసిందీ చిగురు మొనకే. హార్మోన్ కణాలకు వేరు పుట్టించాలో, చిగురు పుట్టించాలో చెబుతుంది. కాల్చిసిన్ కణంలోని సరుకునే రెట్టింపు చేస్తుంది. ఈ రెండు దారులూ ఇప్పుడు ఒకే ల్యాబులో కలుస్తున్నాయి. లెక్క సగానికి తగ్గించిన ఉర్లగడ్డ మొక్కను 24 ఉన్న అడవి రకంతో కలిపి, పుట్టిన పిల్లకు కాల్చిసిన్ పెట్టి మళ్లీ 48కి తీసుకెళ్లవచ్చు. ఢిల్లీలో శిప్రా గుహ, మహేశ్వరి 1964లో పుప్పొడి తిత్తి నుంచి సగం లెక్క మొక్కలను పుట్టించారు. అలాంటి మొక్కలను రెట్టింపు చేయడానికీ ఈ మందే వాడతారు.

నెహ్రూ పిలుపు.. ఢిల్లీ రాజకీయం

1951లో ప్రధాని నెహ్రూ ఆహ్వానించడంతో ఆమె స్వదేశం వచ్చేశారు. 1890లో బ్రిటిష్ వాళ్లు పెట్టిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను కొత్తగా తీర్చిదిద్దే బాధ్యత అప్పగించారు. ప్రత్యేక అధికారిగా దేశం తిరిగారు. మన మొక్కల నమూనాలు ఎన్నో బ్రిటన్ భాండాగారాల్లో ఉన్నాయని, మన అడవిని మనమే చదువుకోవాలని ఆమె పట్టుదల. కానీ 1954లో సర్వే తిరిగి మొదలైనప్పుడు అధిపతి కుర్చీ ఆమెకు దక్కలేదు. స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఫాదర్ శాంతాపౌను కూర్చోబెట్టారు. అలహాబాద్‌లోని కేంద్ర వృక్షశాస్త్ర ప్రయోగశాలకు ఆమె డైరెక్టర్ అయ్యారు. ఈ నిర్ణయం ఆమెను బాధపెట్టింది. అయినా పని ఆపలేదు.

1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, మనిషి భూమి ముఖాన్ని ఎలా మార్చేస్తున్నాడన్న అంశంపై పెద్ద సదస్సు జరిగింది. ఆహ్వానం అందిన మహిళ ఆమె ఒక్కరే. పొట్టకూటి కోసం చేసే సాగు, అడవి బిడ్డలకు మొక్కల గురించి తెలిసిన విద్య, ఆ కుటుంబాల్లో ఆడవాళ్ల పాత్రపై ఆమె మాట్లాడారు. పర్యావరణం అన్న మాట పేపర్లలో ఇంకా కనపడని రోజులవి. తర్వాత జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలలో, కొన్నాళ్లు ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేశారు.

మదురవాయల్ మందుమొక్కల తోట

1970 నవంబర్‌లో ఆమె మద్రాసుకు మకాం మార్చారు. అప్పటికి 73 ఏళ్లు. ఆ వయసులో అందరూ మనవలను ఎత్తుకుంటారు. ఆమె మదురవాయల్‌లో మొక్కలు పెంచుతూ కూర్చున్నారు. విశ్వవిద్యాలయం ఎమెరిటస్ శాస్త్రవేత్త హోదా ఇచ్చింది. మందుమొక్కల తోట వేశారు. ఉర్లగడ్డ జాతి మొక్కలు, ఉమ్మెత్త, పుదీనా, నిమ్మగడ్డి, అడవి పెండలం.. వీటి కణాల లెక్కలపై ఆమె వ్యాసాలు వెలువడ్డాయి. తన చుట్టూ తిరిగే పిల్లి కూనల్లో ఏ కూన ఏ తీరుగా ఉందో కూడా శ్రద్ధగా గమనించేవారట.

పొడగరి. పసుపు రంగు చీరలంటే ఇష్టం. ఆడంబరం లేదు. తన గురించి చెప్పుకొనే అలవాటు అసలే లేదు. మనిషిని కాదు, పనిని గుర్తుపెట్టుకుంటే చాలన్నది ఆమె తీరు. 1977లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది.

అడవి పోతే ల్యాబ్ ఏం చేస్తుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే కేరళలో సైలెంట్ వ్యాలీ గొడవ మొదలైంది. పాలక్కాడ్ జిల్లాలో కుంతిపుళ నదిపై జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని రాష్ట్ర విద్యుత్ బోర్డు ప్రతిపాదించింది. కడితే సతత హరిత అరణ్యం మునిగిపోతుంది. సింహవాలం కోతులకు అది ఆవాసం. టీచర్లు, కవులు, శాస్త్రవేత్తలు అడ్డం తిరిగారు. ఎనభై దాటిన జానకి అమ్మాళ్ వారితో నిలబడ్డారు. ఊరికే సంతకం పెట్టి ఊరుకోలేదు. ఆ లోయలోని మొక్కల క్రోమోజోముల సర్వే చేపట్టారు. పోబోయేదేమిటో ముందు లెక్క రాసి పెట్టాలన్నది ఆమె ఉద్దేశం.

జీవితమంతా మొక్కల్ని మార్చిన మనిషి, సంకరం చేసిన మనిషి, మందు వేసి రెట్టింపు చేసిన మనిషి చివరికి ఒక అడవిని ముట్టుకోవద్దని ఎందుకన్నట్టు? కొందరికి వింతగా తోచవచ్చు. ఆమె పనిని మొదటినుంచీ చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఏటి గట్టున రెల్లు లేకపోతే సీవో 205 లేదు. అడవి చుట్టాలు లేకపోతే ఉర్లగడ్డకు తెగులు తట్టుకునే గుణం తెచ్చిపెట్టే దారి మూసుకుపోతుంది. టిష్యూ కల్చర్ ఒక మొక్కను లక్ష మొక్కలు చేయగలదు. కాల్చిసిన్ ఉన్నదాన్ని రెట్టింపు చేయగలదు. లేనిదాన్ని పుట్టించడం ఈ రెండింటి వల్లా కాదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది, యాభై ఏళ్లకు పైగా లోపలి లెక్క చూసినవారికే.

1983లో కేంద్రం చొరవతో ఆనకట్ట ప్రతిపాదన పక్కకు పోయింది. 1984 నవంబర్ 15న సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అది చూసే భాగ్యం ఆమెకు దక్కలేదు. తొమ్మిది నెలల ముందే మదురవాయల్‌లో తుదిశ్వాస విడిచారు.

పేరు మిగిలింది.. పాఠం మిగలాలి

మొక్కల వర్గీకరణలో కృషి చేసినవారికి కేంద్ర పర్యావరణ శాఖ ఆమె పేరుతో జాతీయ పురస్కారం ఏర్పాటుచేసింది. జమ్మూలో ఎండు మొక్కల భాండాగారానికి ఆమె పేరుంది. కొడైకెనాల్‌లోని గులాబీ పెంపకందారులు తాము తయారుచేసిన పసుపు ఛాయ గులాబీకి 2018లో ఆమె పేరు పెట్టారు. పసుపు చీర ఇష్టపడిన మనిషికి తగిన గుర్తే.

సరిహద్దుకు ఇటు ఉన్నా అటు ఉన్నా మన రైతుకు ఈ కథతో పనుంది. పలమనేరు, వి.కోట వైపు ఉర్లగడ్డ వేసే రైతు, తిరువళ్లూరు జిల్లాలో చెరకు వేసే రైతు, సీసాలో పెంచిన మొక్కలు కొని అరటి వేసే రైతు.. అందరూ ముక్క నుంచి మొక్కను లేపే విద్య మీదే ఆధారపడ్డారు. ఒకే తల్లి నుంచి వచ్చిన లక్ష మొక్కలకూ ఒకే బలం, ఒకే బలహీనత ఉంటాయి. కొత్త తెగులు వస్తే అన్నీ ఒకేసారి పడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు వెతకాల్సింది గట్టు మీది గడ్డిలో, పెరట్లో నాయనమ్మ కాపాడిన నాటు వంగలో, ఇంకా మిగిలిన అడవిలో. కాబట్టి పొలంలో కొత్త రకం వేసుకున్నా పాత విత్తనాన్ని ఒక మూల బతికించుకోవడం మేలు. గట్టు శుభ్రం చేస్తూ రెల్లు దుబ్బును తగలబెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి ఆలోచించడం మేలు. చెరకు తీపిలో దాని వాటా కూడా ఉంది మరి.